చచ్చిన క్రీచర్ మాట చెల్లుతుందా?

రమ్మీలో ముక్కకు విలువ ఉంటుంది, పని ఉండదు. ఇస్పేటు రాజు చేతిలో ఉన్నా, పడేసినా, పక్కవాడు ఎత్తుకున్నా తనంతట తాను చేసేదేమీ లేదు. జోకరు సైతం ఇంకో ముక్క బదులు కూర్చుంటుంది, అంతే. 1993 ఆగస్టులో అమెరికాలో ‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’ వచ్చి ఈ పద్ధతిని తిరగేసింది. ఆ ఆటలో ప్రతి కార్డూ తన నియమాన్ని తన ఒంటి మీదే అచ్చేసుకుని వస్తుంది. ఆట మూలనియమానికీ కార్డు మీది మాటకూ పొంతన కుదరకపోతే కార్డు మాటే నెగ్గుతుంది. దాన్ని తయారుచేసిన రిచర్డ్ గార్ఫీల్డ్ కాంబినటోరిక్స్‌లో, అంటే మనం ఇంటర్‌లో ప్రస్తారాలు, సంయోగాలు అని చదివినదాని పెద్ద రూపంలో, డాక్టరేట్ చేసిన మనిషి. ఆ చదువు ఆటలో కనిపిస్తుంది. ఇప్పటికి 25 వేలకు పైగా వేర్వేరు కార్డులు వచ్చాయి. వాటిలో ఏ రెండు ఎదురుపడినా, ఏ పది ఎదురుపడినా, తర్వాత ఏం జరగాలన్నదానికి ఒకటే జవాబు ఉండాలి. ఆ జవాబు చెప్పే నిబంధనల పుస్తకం 250 పేజీలు దాటిపోయింది.

తగవుల్లో పెద్ద వాటా క్రీచర్ల దగ్గరే పుడుతుంది. క్రీచర్ అంటే బల్ల మీద నిలబడి దాడికి వెళ్ళే, ఎదుటివాడి దాడికి అడ్డం పడే కార్డు. ఎంత కొడుతుంది, ఎంత తట్టుకుంటుంది అని దానికి రెండు అంకెలుంటాయి. అంకెల వరకైతే బడిపిల్లలు కూడా అరగంటలో నేర్చేసుకుంటారు. చిక్కంతా వాటి పైన అచ్చయిన రెండు మూడు వాక్యాల్లో ఉంది; ఆటలో వీటి పేరు ఎబిలిటీలు. కొన్ని వాక్యాలు ఎప్పుడూ అమల్లో ఉంటాయి; ఈ క్రీచర్ ఎగురుతుంది అన్నట్టు. వీటిని స్టాటిక్ అంటారు. కొన్ని మనం ఖర్చు పెట్టి వాడుకునేవి. వాక్యం మధ్యలో కోలన్ ఉంటే ఎడమవైపుది ఖర్చు, కుడివైపుది ఫలితం. ఇవి యాక్టివేటెడ్. మూడో రకం ఎవరూ మీట నొక్కకుండానే పేలేవి. ఏదో ఒకటి జరుగుతుంది, దాని వెంటే ఇవి లేస్తాయి. వెన్, వెనెవర్, ఎట్ అనే మూడు ఇంగ్లిషు మాటల్లో ఏదో ఒకటి ముందుంటే అది ట్రిగ్గర్ అని గుర్తు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ట్రిగ్గర్ల చిక్కు కార్డులు పెరిగినందువల్ల వచ్చింది కాదు, కాలం వల్ల వచ్చింది. ఏది ముందు జరిగింది, జరిగినప్పుడు ఎవరు చూస్తున్నారు, చూసినదాన్ని ఎవరు గుర్తుపెట్టుకోవాలి? ముప్పై ఏళ్ళుగా ఈ ఆట నిబంధనల్లో వచ్చిన పెద్ద మార్పుల్లో చాలావరకు ఈ మూడో ప్రశ్న భారాన్ని ఆటగాడి నెత్తి మీంచి దించడానికో, మళ్ళీ ఎక్కించడానికో చేసినవే.

వరస సంగతి

మొదటి ఆరేళ్ళూ మ్యాజిక్‌లో కాలం లెక్క గందరగోళంగా ఉండేది. ఎవరి వంతులోనైనా వేయగల ఇన్‌స్టంట్ మంత్రాల కంటే ఇంటరప్ట్ అనే రకం వేగమైనది, కొన్ని పనులు గుంపుగా ఒకేసారి జరిగేవి, దెబ్బల లెక్క వాటి చివర పడేది. 1999లో ఆరో ఎడిషన్ నిబంధనలు వచ్చి ఇంటరప్టులను ఎత్తేసి, అన్నిటికీ ఒకే దారి పెట్టాయి. దాని పేరు స్టాక్. మంత్రమైనా, వాడుకునే ఎబిలిటీ అయినా, పేలిన ట్రిగ్గర్ అయినా ముందు స్టాక్ మీదికి వెళ్ళాలి. ఒకదాని మీద ఒకటి పేర్చిన విస్తరాకుల్లాగా చివర పెట్టింది ముందు వస్తుంది. ప్రతి ఆకు తీసే ముందూ ఇద్దరు ఆటగాళ్ళకూ ఇంకోటి పైన పెట్టే అవకాశం దొరుకుతుంది. ఆ రోజుల్లో పాత ఆటగాళ్ళు చాలామంది గొణిగారు. ఇప్పుడు చూస్తే, ఈ ఆట ఇంతకాలం బతకడానికి ఏ కార్డు కంటే కూడా ఈ ఒక్క నిర్ణయమే ఎక్కువ తోడ్పడిందనిపిస్తుంది.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. 2012లో వచ్చిన బ్లడ్ ఆర్టిస్ట్ అనే చిన్న క్రీచర్ ఉంది. అది గానీ, బల్ల మీది మరే క్రీచర్ గానీ చచ్చినప్పుడల్లా మనం ఎంచుకున్న ఆటగాడికి ఒక ప్రాణం పోయి, మనకు ఒకటి పెరుగుతుంది. ఇద్దరి దగ్గరా తలా ఒక బ్లడ్ ఆర్టిస్ట్ ఉంది. ఇద్దరికీ ఒక్కొక్క ప్రాణమే మిగిలింది. ఇది నా వంతు. ఎక్కడో ఒక అనామక క్రీచర్ చచ్చింది. రెండు ట్రిగ్గర్లూ ఒకేసారి పేలాయి. ఎవరు గెలుస్తారు?

వంతు నాది కాబట్టి నాదే ముందు అనుకోవడం సహజం. ఆ మాట నిజమే, నా ట్రిగ్గరే ముందు స్టాక్ మీదికి వెళుతుంది. ఎదుటివాడిది దాని పైన కూర్చుంటుంది. పైదే ముందు జరుగుతుంది కాబట్టి వాడి బ్లడ్ ఆర్టిస్ట్ నా ఆఖరి ప్రాణం లాగేస్తుంది. నా ట్రిగ్గర్ కింద అలాగే ఉండగా నేను ఓడిపోతాను. వంతు ఎవరిదో వాళ్ళ ట్రిగ్గర్లు ముందు పేర్చాలి, తర్వాత ఎదుటివాళ్ళవి అన్న ఒక్క నియమం ఆటను తిప్పేసింది. ఒకే మనిషికి చెందిన ట్రిగ్గర్లు నాలుగు ఒకేసారి పేలితే వాటిలో వాటికి వరస పెట్టుకునే హక్కు ఆ మనిషిదే. ఈ చిన్న హక్కులో ఎంత నేర్పు దాగుందో మంచి ఆటగాడి పక్కన కూర్చుని చూస్తేగానీ తెలియదు.

ట్రిగ్గర్ పేలడం, స్టాక్ మీదికి రావడం ఒకే క్షణంలో జరగవు. మధ్యలో ఆట తనను తాను సర్దుకుంటుంది. తట్టుకునే బలం సున్నా అయిన క్రీచర్‌ను తీసేయడం, ప్రాణాలు సున్నాకు చేరిన ఆటగాడిని ఓడినట్టు లెక్కగట్టడం వంటి పనులు ఎవరి అనుమతీ అడగకుండా జరిగిపోతాయి. ఆ సర్దుబాటు ముగిసాకే ట్రిగ్గర్లు స్టాక్ ఎక్కుతాయి. ఒక దెబ్బతో ప్రాణాలు సున్నాకు చేరినవాడికి, ఆ దెబ్బ వల్లే పేలిన ‘నాకు మూడు ప్రాణాలు పెరగాలి’ అన్న ట్రిగ్గర్ అక్కరకు రాదు. అది స్టాక్ ఎక్కే లోపే వాడి ఆట అయిపోయింది.

చావును వెనక్కి తిరిగి చూడటం

ఇక శీర్షికలోని ప్రశ్న. 1993 నాటి మొదటి అచ్చు నుంచీ ఉన్న ర్యాత్ ఆఫ్ గాడ్ అనే కార్డు బల్ల మీది క్రీచర్లన్నిటినీ ఒక్కదెబ్బతో తుడిచేస్తుంది. బల్ల మీద నా బ్లడ్ ఆర్టిస్ట్, నావే ఇంకో మూడు, ఎదుటివాడివి రెండు ఉన్నాయనుకోండి. ఆరూ ఒకేసారి చచ్చాయి. బ్లడ్ ఆర్టిస్ట్ కూడా పోయింది కదా, మిగతావాటి చావు అది ఎలా చూస్తుంది?

చూస్తుంది. మామూలు ట్రిగ్గర్ల విషయంలో సంఘటన జరిగిన తర్వాత బల్ల ఎలా ఉందో చూసి నిర్ణయిస్తారు. బల్ల విడిచి వెళ్ళే ట్రిగ్గర్లకు మాత్రం సంఘటనకు ముందు క్షణంలో బల్ల ఎలా ఉండేదో చూస్తారు. ఆ ముందు క్షణంలో బ్లడ్ ఆర్టిస్ట్ బతికే ఉంది, పక్కనున్న ఐదింటినీ చూస్తూనే ఉంది. కాబట్టి తనతో కలిపి ఆరు ట్రిగ్గర్లు. చచ్చిన క్రీచర్ మాట చెల్లుతుంది, అదీ ఆరుసార్లు. ఇలా వెనక్కి చూడకపోతే ‘చచ్చినప్పుడు’ అని రాసిన ఏ కార్డూ తన చావుకు తాను పేలలేదు. మినహాయింపులా కనిపించేది నిజానికి అనివార్యం.

రావడానికి ఈ వెనకచూపు లేదు. 1998 నాటి సోల్ వార్డెన్ ఇంకో క్రీచర్ బల్ల మీదికి వచ్చినప్పుడల్లా ఒక ప్రాణం ఇస్తుంది. రెండు సోల్ వార్డెన్లు ఒకేసారి వచ్చాయనుకోండి. వచ్చాక బల్లను చూస్తే రెండూ అక్కడే ఉన్నాయి కాబట్టి ఒకదాన్నొకటి చూసుకుంటాయి, రెండు ప్రాణాలు.

ఈ నియమాలన్నిటినీ ఒడుపుగా వాడుకున్న పాత ఎత్తు ఒకటుంది. 2011లో వచ్చిన ఫీండ్ హంటర్‌కు రెండు వేర్వేరు ట్రిగ్గర్లు. బల్ల మీదికి రాగానే ఇంకో క్రీచర్‌ను ఆట బయటికి పంపిస్తుంది. తాను బల్ల విడిచి వెళ్ళినప్పుడు ఆ పంపినదాన్ని తిరిగి రప్పిస్తుంది. రాసినవాళ్ళ ఉద్దేశం సాదాసీదా: హంటర్ ఉన్నంతకాలం బందీ లోపల, హంటర్ పోతే బందీ విడుదల. కానీ రెండూ ట్రిగ్గర్లు కదా, రెండూ స్టాక్ ఎక్కుతాయి. హంటర్ వచ్చింది, మొదటి ట్రిగ్గర్ స్టాక్ మీద వేచి ఉంది. అది జరగకముందే నేను విసెరా సీర్ అనే ఇంకో క్రీచర్‌కు హంటర్‌ను బలి ఇచ్చేస్తాను. ఇప్పుడు విడుదల ట్రిగ్గర్ పైన, పంపించే ట్రిగ్గర్ కింద. ముందు విడుదల జరిగింది; విడుదల చేయడానికి అప్పటికింకా ఎవరూ బందీగా లేరు. తర్వాత పంపించడం జరిగింది. రప్పించాల్సిన ట్రిగ్గర్ అప్పటికే ఖర్చయిపోయింది. బందీకి యావజ్జీవం. కార్డు మీది ఒక్క అక్షరాన్నీ అతిక్రమించకుండా కార్డు ఉద్దేశాన్ని పూర్తిగా తిరగేసిన ఎత్తు ఇది. 2007 నాటి ఓబ్లివియన్ రింగ్‌తోనూ ఇదే చేసేవారు.

తయారీదారులు దీన్ని కొంతకాలం సహించి, 2013లో బానిషర్ ప్రీస్ట్ వచ్చేనాటికి వాక్యమే మార్చేశారు. రెండు ట్రిగ్గర్ల బదులు ఒకటే, దానికి ఒక గడువు: ప్రీస్ట్ బల్ల విడిచి వెళ్ళేదాకా. ప్రీస్ట్ ముందే పోతే గడువు అప్పటికే తీరిపోయినట్టు, కాబట్టి పంపించడమే జరగదు. తిరిగి రావడానికి స్టాక్ ఎక్కాల్సిన పనీ లేదు. ఎత్తు పోయింది. కార్డును చూసి కొత్తవాడు ఏం అనుకుంటాడో అదే జరుగుతోంది. నాకు పాత ఎత్తు అంటే ఇష్టమే, అయినా ఈ మార్పు సబబేనంటాను.

పేలకుండా చేసే ఉపాయం ఇంకోటి ఉంది. 2012 నాటి రెస్ట్ ఇన్ పీస్ బల్ల మీద ఉంటే గ్రేవ్‌యార్డ్‌కు, అంటే పోయిన కార్డుల కుప్పకు, వెళ్ళాల్సినవన్నీ దానికి బదులు ఆట బయటికి వెళ్ళిపోతాయి. ఇది ట్రిగ్గర్ కాదు, జరగబోయేదాన్ని జరగకముందే ఇంకోదానిగా మార్చేసే రీప్లేస్‌మెంట్. స్టాక్ ఎక్కదు, దానికి బదులివ్వడానికి సందు లేదు. ఈ ఆటలో చావు అంటే బల్ల మీంచి గ్రేవ్‌యార్డ్‌కు వెళ్ళడం; దారి మళ్ళితే అది చావే కాదు. పక్కనే ఎన్ని బ్లడ్ ఆర్టిస్టులున్నా ఒక్కటీ పలకదు. ‘బదులు’ అన్న మాట కనిపించిన చోట ట్రిగ్గర్ లెక్కలన్నీ పక్కన పెట్టేయాలి.

2010 నిబంధనలు

2009 జులైలో మ్యాజిక్ 2010 అన్న సంచికతో పాటు వచ్చిన మార్పులు ఇప్పటికీ వాదనకు దారితీస్తాయి. అప్పటిదాకా పోరాటంలో పడే దెబ్బలు కూడా స్టాక్ ఎక్కేవి. 1997 నాటి మాగ్ ఫెనాటిక్ అనే గోబ్లిన్ ఒకటి కొట్టి ఒకటి తట్టుకునే బక్కప్రాణి. దాన్ని బలి ఇస్తే ఎవరికైనా ఒక దెబ్బ తగులుతుంది. రెండు తట్టుకునే శత్రువుకు దాన్ని అడ్డం పెట్టేవారు. దెబ్బలు స్టాక్ మీదికి వెళ్ళాక, అవి తగలకముందే ఫెనాటిక్‌ను బలి ఇచ్చేవారు. బలి తాలూకు దెబ్బ ఒకటి, స్టాక్ మీద ఉండిపోయిన దెబ్బ ఇంకోటి, వెరసి రెండు. బక్క గోబ్లిన్ తనకు రెట్టింపున్నవాడిని తీసుకుని పోయేది. 2009 తర్వాత దెబ్బలు స్టాక్ ఎక్కడం మానేశాయి. ఇప్పుడు కొట్టడమో, బలి కావడమో, ఏదో ఒకటే.

పాతవాళ్ళు ఆటలో లోతు పోయిందన్నారు. కొంత నిజమే. కానీ బల్ల మీద లేని క్రీచర్ ఎలా కొట్టిందని కొత్తవాడు అడిగితే సూటైన జవాబు చెప్పడం కష్టమయ్యేది.

అంతగా చర్చకు రాని మార్పు లైఫ్‌లింక్‌ది. అది కొట్టినంత ప్రాణాన్ని యజమానికి ఇచ్చే గుణం. 2009కి ముందు అది ట్రిగ్గర్. నాకు రెండు ప్రాణాలున్నాయి. అడ్డుకోని శత్రువు నుంచి మూడు దెబ్బలు తగిలాయి. అదే పోరాటంలో నా లైఫ్‌లింక్ క్రీచర్ ఇంకోదాన్ని మూడు దెబ్బలు కొట్టింది. పాత లెక్కలో నా ప్రాణం ముందు సున్నా కిందికి పోయింది, ట్రిగ్గర్ స్టాక్ ఎక్కేలోపే నేను ఓడాను. కొత్త లెక్కలో అది స్టాటిక్: దెబ్బ తగలడంలోనే ప్రాణం పెరగడం కలిసి ఉంటుంది. రెండులోంచి మూడు పోయి మూడు వచ్చి, రెండు ప్రాణాలతో బయటపడతాను. తాకితే చంపే డెత్‌టచ్‌నూ అప్పుడే ట్రిగ్గర్ల జాబితాలోంచి తీసేశారు. ఎక్కువసార్లు కనిపించే, అందరూ మరిచిపోయే గుణాలను ట్రిగ్గర్ల నుంచి తప్పించడమే దీని వెనకున్న దారి అని నా అంచనా.

ఆ దారికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. ఎదుటివాడి మంత్రం తాకకుండా గోడ కట్టే హెక్స్‌ప్రూఫ్ అన్న గుణం స్టాటిక్. దాంతో ఎదుటివాడికి చేయడానికి ఏమీ మిగలదు, ఆట చప్పబడుతుంది. 2021లో దానికి తోడుగా వార్డ్ వచ్చింది. ఇది ట్రిగ్గర్: గురిపెడితే పేలుతుంది, అడిగిన ఖర్చు కట్టకపోతే ఆ మంత్రం రద్దవుతుంది. మరిచిపోయే ప్రమాదం తెలిసీ ట్రిగ్గర్‌నే ఎంచుకున్నారు. గోడ కంటే గేటు నయం.

స్టాటిక్ గుణాలకు సొంత పేచీలు లేవని కాదు. 1997 నాటి హ్యుమిలిటీ క్రీచర్లన్నిటి ఎబిలిటీలూ తీసేసి, ఒకటికి ఒకటిగా కుదించేస్తుంది. 1999 నాటి ఓపలెసెన్స్ మిగతా మామూలు ఎన్‌చాంట్‌మెంట్లను, అంటే బల్ల మీదే ఉండిపోయే మంత్రాలను, తమ ఖర్చు ఎంతో అంత బలమున్న క్రీచర్లుగా మారుస్తుంది. హ్యుమిలిటీ కూడా ఎన్‌చాంట్‌మెంటే. రెండూ ఉంటే హ్యుమిలిటీ తానే క్రీచరై తన ఎబిలిటీని తానే పోగొట్టుకుంటుంది. మరి దాని ప్రభావం మిగులుతుందా? ఇలాంటివాటికే పుస్తకంలో ఏడు అంచెలు పెట్టారు: ముందు రకం మార్పులు, ఆ తర్వాత ఎబిలిటీలు, ఆఖర్న అంకెలు. ఒక అంచెలో మొదలైన ప్రభావం తన మూలం పోయినా తర్వాతి అంచెల్లో కొనసాగుతుంది. ఆపైన రెండింట్లో ఏది తర్వాత వచ్చిందో దాని అంకె నిలుస్తుంది. ఓపలెసెన్స్ తర్వాత వస్తే హ్యుమిలిటీ నాలుగుకు నాలుగు, లేకపోతే ఒకటికి ఒకటి. జవాబు ఉంది, పొందికగానూ ఉంది. గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం మాత్రం మనలాంటివాళ్ళకు దాదాపు రాదు.

తిరుగుడు

ఒక ట్రిగ్గర్ ఇంకోదాన్ని, అది మళ్ళీ మొదటిదాన్ని పేలిస్తే? 2017 జనవరిలో ఫెలిడార్ గార్డియన్ అనే పిల్లిజాతి క్రీచర్ వచ్చింది. బల్ల మీదికి రాగానే మన ఇంకో కార్డును బయటికి పంపి, వెంటనే లోపలికి తెస్తుంది. అంతకు ముందు సంచికలోనే సహీలీ రాయ్ అనే పాత్ర కార్డు ఉంది. అది తన మూడు పాయింట్లలోంచి రెండు ఖర్చుపెట్టి మన క్రీచర్‌కు నకలు చేస్తుంది, ఆ నకలు వెంటనే దాడికి వెళ్ళగలదు. సహీలీ గార్డియన్‌కు నకలు చేసింది. నకలు రాగానే దాని ట్రిగ్గర్ సహీలీని బయటికి పంపి లోపలికి తెచ్చింది. ఈ ఆటలో చోటు మారిన కార్డు పాత జ్ఞాపకాలేవీ లేని కొత్త వస్తువు. కాబట్టి సహీలీ మళ్ళీ మూడు పాయింట్లతో, ఈ వంతులో ఇంకా ఏమీ వాడనట్టుగా నిలబడింది. మళ్ళీ నకలు, మళ్ళీ కొత్త సహీలీ. నాలుగో వంతుకల్లా కావలసినన్ని పిల్లులు. దీన్ని తయారీదారులు ముందు గమనించలేదు. 2017 ఏప్రిల్‌లో నిషేధాల ప్రకటనలో ఏ మార్పూ లేదని చెప్పి, రెండు రోజుల తర్వాత మళ్ళీ ప్రకటన ఇచ్చి ఫెలిడార్ గార్డియన్‌ను కొత్త సంచికల కార్డులతోనే ఆడే స్టాండర్డ్ పోటీల నుంచి తప్పించారు. విడివిడిగా ఏ తప్పూ లేని రెండు కార్డులు అవి.

ఇక్కడ ఆపడం ఆటగాడి చేతిలో ఉంది. ఆపలేనివి ఇంకా విచిత్రం. బల్ల మీద ఖర్చుకు పనికొచ్చే భూమి కార్డులు కాక మూడు ఓబ్లివియన్ రింగులే ఉన్నాయనుకోండి. మొదటిది రెండోదాన్ని పంపింది, మూడోది వచ్చి మొదటిదాన్ని పంపింది. మొదటిది పోవడంతో రెండోది తిరిగొచ్చి మూడోదాన్ని పంపింది. మూడోది పోవడంతో మొదటిది తిరిగొచ్చింది... తప్పనిసరి ట్రిగ్గర్లు కాబట్టి ఎవరూ ఆపలేరు. తెంచే సాధనం ఇద్దరి దగ్గరా లేకపోతే ఆట డ్రా.

ఈ తిరుగుడును చివరి అంచుదాకా తీసుకెళ్ళింది 2019లో అలెక్స్ చర్చిల్, స్టెల్లా బిడర్‌మన్, ఆస్టిన్ హెరిక్ రాసిన పరిశోధనపత్రం. క్లెరిక్ జాతి క్రీచర్ చచ్చినప్పుడల్లా ఒక జాంబీని పుట్టించే రాట్‌లంగ్ రీయానిమేటర్ అనే 2002 నాటి కార్డుంది. కార్డుల మీది జాతి పేర్లను మార్చేసే వేరే కార్డులున్నాయి. ఫలానా జాతి చస్తే ఫలానా జాతి పుట్టాలి అని ఒక్కో నకలు మీదా ఒక్కో నియమం ఏర్పడేలా పేర్లు మార్చుకుంటూ పోతే, ఆ వరసే ఒక ప్రోగ్రామ్ అవుతుంది. బల్ల మీది టోకెన్ క్రీచర్లు కంప్యూటర్ టేపు మీది అక్షరాలవుతాయి. ఒకటి చస్తే దాని స్థానంలో ఇంకోటి పుడుతుంది, అంటే టేపు మీద చెరిపి రాసినట్టు. ఒకసారి మొదలయ్యాక ఆటగాళ్ళు ఎంచుకునేదేమీ ఉండదు, ట్రిగ్గర్లే నడుపుతాయి. ఈ పద్ధతిలో ట్యూరింగ్ యంత్రాన్ని, అంటే కంప్యూటర్‌కు గణితరూపాన్ని, కట్టొచ్చని వాళ్ళు చూపించారు. దాని పర్యవసానం పెద్దది: పేర్చిన బల్లను చూసి ఈ ఆట ఎవరు గెలుస్తారో ప్రతి సందర్భంలోనూ తేల్చగల లెక్క అంటూ ఏదీ ఉండదు. ‘చచ్చినప్పుడల్లా’ అన్న సాదా వాక్యం ఇక్కడిదాకా తెచ్చింది.

పక్క ఆటల్లో

1999లో జపాన్‌లో కొనామీ తెచ్చిన యు-గి-ఓ కూడా చివరిది ముందు అన్న పద్ధతినే పాటిస్తుంది, దాన్ని చెయిన్ అంటారు. కానీ అందులో ఒక మెలిక ఉంది. ‘వెన్’తో మొదలై, చేయొచ్చు అని మన ఇష్టానికి వదిలేసే ఎబిలిటీ, తనకు సంబంధించిన సంఘటనే అన్నిటికంటే చివర జరిగితేనే పనిచేస్తుంది. పీటెన్ ది డార్క్ క్లౌన్ గ్రేవ్‌యార్డ్‌కు పోతే ఇంకో పీటెన్‌ను తెచ్చుకోవచ్చు. అదే పీటెన్‌ను పెద్ద మాన్‌స్టర్ కోసం బలి ఇస్తే, బలి జరిగాక పెద్దది బల్ల మీదికి రావడం చివరి సంఘటన అయింది. పీటెన్ అవకాశం జారిపోయింది. అదే వాక్యం ‘ఇఫ్’తో మొదలైతే ఈ బెడద లేదు. ఒక్క మాట తేడాకు ఇంత శిక్షా? 2011లో కార్డుల భాషను కోలన్లు, సెమీకోలన్లతో క్రమబద్ధం చేశారు గానీ ఈ మెలికను ఉంచేశారు. లోతు పెంచకుండా తికమక మాత్రం పెంచే నియమమిది.

పోకీమాన్‌లో ఎదుటివాడి వంతులో మనం చేసేది దాదాపు ఏమీ ఉండదు కాబట్టి ఈ గొడవ తక్కువ. పోకీ పవర్, పోకీ బాడీ అని విడిగా ఉన్న రెండు రకాలను 2011లో ఎబిలిటీ అని ఒకటి చేసేశారు, అది మంచి పని.

2014లో బ్లిజార్డ్ తెచ్చిన హార్త్‌స్టోన్ పూర్తిగా కంప్యూటర్ ఆట. ఒకేసారి పేలినవి బల్ల మీదికి వచ్చిన వరసలోనే జరుగుతాయి. ఎంచుకునే హక్కు లేదు, మధ్యలో బదులిచ్చే సందు లేదు. పోలిక చూడండి. హార్త్‌స్టోన్‌లో వైల్డ్ పైరోమాన్సర్ మనం మంత్రం వేసిన తర్వాత బల్ల మీది క్రీచర్లన్నిటికీ ఒక దెబ్బ వేస్తుంది. వాటన్నిటి ప్రాణాన్నీ ఒకటికి దించే ఈక్వాలిటీ వేస్తే, ముందు అన్నీ ఒకటికి దిగుతాయి, ఆనక ఒక దెబ్బతో బల్ల ఖాళీ. మ్యాజిక్‌లో యంగ్ పైరోమాన్సర్ మంత్రం వేసినప్పుడల్లా ఒక చిన్న టోకెన్ ఇస్తుంది. కానీ ట్రిగ్గర్ మంత్రం పైన కూర్చుంటుంది కాబట్టి ముందు టోకెన్ వస్తుంది, తర్వాత మంత్రం జరుగుతుంది. ఆ మంత్రం క్రీచర్లను తుడిచేసేదైతే పుట్టిన టోకెన్ కూడా వెంటనే పోతుంది.

ఎవరు గుర్తుపెట్టుకోవాలి

కంప్యూటర్ లేని బల్ల దగ్గర ట్రిగ్గర్ పేలిందని చెప్పాల్సింది మనిషే. మ్యాజిక్ పోటీల్లో 2012లో విధానం మారాక, ఎదుటివాడి ట్రిగ్గర్‌ను గుర్తుచేసే బాధ్యత మనకు లేదు. వాడు మరిచిపోతే అది వాడి నష్టం. అలాగని తనకు నష్టం చేసే ట్రిగ్గర్‌ను కావాలని దాటేస్తే అది మోసం కిందికే వస్తుంది. ప్రతి వంతులో ఒక కార్డు ఇచ్చి దాని ఖర్చంత ప్రాణం తీసుకునే డార్క్ కాన్ఫిడాంట్ లాంటి కార్డులతో ఆడేవాళ్ళు ఈ రెండింటి మధ్యా జాగ్రత్తగా నడవాలి. పోటీల్లో ఈ కచ్చితత్వం న్యాయమే. షాపులో సరదాగా ఆడేటప్పుడు మాత్రం కొత్తవాడికి గుర్తుచేయకుండా నోరు మూసుకుని కూర్చోవడం నాకు నచ్చదు.

ఇదే ఆటకు కంప్యూటర్ రూపమైన మ్యాజిక్ అరీనాలో ఆ బెంగ లేదు, యంత్రమే అన్నీ పేలుస్తుంది. దానికో మూల్యం ఉంది. ప్రాణం పెరిగినప్పుడల్లా బలపడే అజానీస్ ప్రైడ్‌మేట్ మీద 2010లో ‘కావాలంటే’ అని ఉండేది, అంటే ప్రతిసారీ అవునా కాదా అని అడగాలి. 2019 అచ్చులో ఆ మాట పోయి తప్పనిసరి అయింది. బల్ల మీద నోటిమాటతో ‘దీన్ని వెయ్యిసార్లు చేశాను’ అని ముగించగల తిరుగుడును కూడా అరీనాలో ఒక్కొక్కటిగా నొక్కాల్సిందే.

ఈ పద్ధతులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే మ్యాజిక్ స్టాకే మేలైనదంటాను. మనిషి మతిమీద భారం ఎక్కువే, కానీ ఏ జవాబైనా ఎందుకలా అని అడిగితే కారణం చెప్పగలదు. యు-గి-ఓ అంత భారమూ వేసి, కారణం దగ్గర తడబడుతుంది. హార్త్‌స్టోన్ భారమంతా తీసేసి, నిర్ణయాలనూ తీసేసుకుంది. ఇప్పుడే ఆడటం మొదలుపెట్టినవాళ్ళకు ఒక మాట: మ్యాజిక్ నిబంధనల పుస్తకం కంపెనీ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. అంతా చదవక్కర్లేదు. ట్రిగ్గర్ల గురించిన 603, రీప్లేస్‌మెంట్ల గురించిన 614, ఆట తనను తాను సర్దుకునే 704, ఈ మూడు అధ్యాయాలూ తర్వాతి ప్యాకెట్ కొనే ముందు చదవండి.